మోగని పలకలు

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. చెప్తాను, తొందరపడకు. ముందు నువ్వడిగినవి. నా మోకాళ్లు ఫరవాలేదు. మీ నాన్న మందులు వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితే. పాపకి అల్లిన టోపీ పెద్దదైతే దాచు, తల ఎలాగూ పెరుగుతుంది. నువ్వు మళ్లీ ఉద్యోగంలో చేరితే పాపని చూసుకోడానికి ఎప్పుడొస్తావన్నావు. అది చివర్లో చెప్తాను.

పనిలో ఒకటి జరిగింది. నేను చేసేది నీకు తెలిసిందేగా, విమానం ఇంజన్లో మంట తగిలేచోట పెట్టే పింగాణీ పలకలు. లోపల సన్నటి పోగుల నేత ఉంటుంది కాబట్టి మామూలు పింగాణీలా భళ్లున పగలవు. కొలిమిలోంచి వచ్చి చల్లారాక చిన్న సుత్తితో తట్టి వింటాను. ఖంగుమంటే మంచిది. దబ్బుమంటే లోపల పొర విడిపోయినట్టు.

మొన్న తట్టినవన్నీ దబ్బుమన్నాయి. అన్నీ పక్కన పడేసి, కొలిమి చూసే ఆయన మీద అంతెత్తున లేచాను. "మంట చూసుకోకుండా ఏం చేస్తున్నావయ్యా" అన్నాను. పలకల్ని స్కానింగుకి పంపారు. ఒక్కదాంట్లోనూ లోపం లేదు. ఆయన ఒక పలక తెచ్చి నా ముందే తట్టి, నా మొహంలోకి చూస్తూ, "వదినా, ఇది మోగుతోంది" అన్నాడు.

చెవుల డాక్టరు పరీక్ష చేసింది. మాటలు వినపడతాయిగానీ, కీచుగా ఉండే సన్నటి చప్పుళ్లు వినే శక్తి పోయిందట, తిరిగి రాదట. బాధేమీ కలగలేదు. బస్సెక్కి ఇంటికొచ్చి గిన్నెలు తోముకున్నాను. నా సుత్తి ఇంకొకామెకి ఇచ్చి, నన్ను పలకలకి కాగితం చుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చుడుతున్నాను. మీ నాన్నకి చెప్పలేదు. టీవీ సౌండు పెంచితే నీకు చెముడే అని ఆటపట్టిస్తారు, నేనూ నవ్వుతాను.

ఇంక అసలు సంగతి. ఆదివారం ఫోన్లో పాప ఏడుపు వినిపించి, "చూడమ్మా, ఇల్లెగిరిపోతోంది" అన్నావు. "అబ్బో, అచ్చం నీ గొంతేనే" అన్నాను. నాకేమీ వినపడలేదు తల్లీ.

అందుకని పాపని నా ఒక్కదాని మీద వదిలి వెళ్లకు. పక్కగదిలో గుక్కపట్టి ఏడ్చినా నాకు తెలీదు. ఇంకొకరిని కుదుర్చుకో. నేనూ వస్తాను. పాప పొట్ట మీద చెయ్యేసి కూర్చుంటాను. ఏడిస్తే చేతికి తెలుస్తుంది.

ఇట్లు,
పాప అమ్మమ్మ