నీకు చదివి వినిపించని కీర్తన

సుగుణా,

నువ్వు పోయి ఈ పొద్దుకు రెండేండ్లు. పొద్దున జమ్మలమడుగు చర్చిలో, అందరి ముందర నిలబడి కీర్తన చదివినా.

పోయినేడు పక్షవాతమొచ్చి నాకు మాట పడిపోయింది. "రోజూ గట్టిగా చదువప్పా, మాటొస్తుంది" అన్యాడు డాక్టరు. ఇంట్లో ఉండేది నీ పెద్దక్షరాల బైబిలొకటే. మాట కోసమని మొదలుపెట్టినా. చదవంగా చదవంగా, మాట కంటే ముందు నా మొండితనం కరిగింది. ఇప్పుడు తెల్లారితే మోకాళ్ల మీద ప్రార్థన చేస్తాండా.

నీకు చూపు తగ్గినప్పుడు, "ఒక్క కీర్తన చదివి ఇనిపీ మామా" అని ఎన్నిసార్లు అడిగినావో! "నాకా పిచ్చి లేదు" అని బయటికి పోయేవాణ్ణి. అప్పుడు నా గొంతు శానా బాగుండె.

దేవుడు నన్ను క్షమించినాడనే నమ్ముతాండా సుగుణా. నిన్ను అడిగే దోవే లేదు.

నీ మామ