పంక్తిలో రెండో తొట్టి

చౌడేపల్లె,
శుక్రవారం.

చిరంజీవి మమతకు చిన్నమ్మ ఆశీస్సులు.

రెండు వారాల కిందట కుప్పం కాలేజీ నుంచి ఫోన్ చేసి, "రెండు తొట్లలోనూ స్పైరులినా నాచు ఒకేలా పెరిగింది చిన్నమ్మా. నా నానో ఇనుము మందు పనిచేసేట్టు లేదు. నెలాఖరుకు పరిశోధన ఆపేస్తాండాను" అన్నావు. తప్పు నీ మందుది కాదమ్మా, నాది. ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

ఆ మందు ఇక్కడ నా దగ్గరున్న రెండు తొట్లలో మొదటిదానికే పోయమన్నావు. పక్కపక్కనే ఉన్నవాటిలో ఒకదానికి పెట్టి, ఇంకొకదాన్ని ఊరికే ఉంచడం పంక్తిభేదం అనిపించింది. రోజూ రెండింటికీ చెరిసగం పోశాను. నాతో పనిచేసే చెంగమ్మ ఇది విని, "నాచుకు కూడా విస్తరేస్తివా అక్కా! బిడ్డ సదువు ముంచితివే!" అని తిట్టింది.

వెంటనే తొట్లు కడిగి, రెండింటిలోనూ కొత్త నాచు వేసి, ఈసారి మొదటిదానికే మందు పోశాను. రెండోదాన్ని దాటిపోయేటప్పుడల్లా స్వామికి లెంపలు వేసుకుంటున్నాను.

నేటికి పది రోజులు. రెండోదానిలో చెయ్యి ముంచితే నా గోళ్లు కూడా కనిపిస్తున్నాయి. మొదటిదానిలో మణికట్టు దాకా ముంచేసరికి వేళ్లే కనిపించడం లేదు.

ఏదీ ఆపవద్దు. ఆదివారం వచ్చి నీ చెయ్యి ముంచి చూడు తల్లీ.

నీ చిన్నమ్మ