అడ్డంకులేటీ లేవు సార్

మంగళవారం, రాత్రి అన్నాలయ్యాక

మా పేట సోనారి దాటకముందే స్కూటర్ మొరాయించడంతో ఇవాళ ఆఫీసుకి ఆలస్యంగా చేరాను. మా సాఫ్ట్‌వేర్ టీమ్ రోజూ పొద్దున నిలబడి జరుపుకునే స్టాండప్ నేను లేకుండానే మొదలైపోయింది. లోపల నవ్వులు వినిపించి తలుపు దగ్గరే ఆగిపోయాను. నేనుండగా ఆ మీటింగులో ఎవరూ నవ్వగా చూడలేదు.

కొత్తగా చేరిన లావణ్య, పక్కనున్న రాజుతో అంటోంది: “ఆ అలారం కోడ్ నాకు అస్సలు బుర్రకెక్కట్లేదన్నా. సార్‌కి చెప్తే మళ్ళీ అందరి ముందూ కడిగేత్తారు.”

“టెన్షన్ మత్ లే, కంగారెందుకు. మధ్యాన్నం ఇద్దరం కూకొని చూసేద్దాం,” అన్నాడు రాజు.

“మళ్ళీ” అంది కదా. పోయిన స్ప్రింట్ చివర్లో, అంటే రెండు వారాల పని విడత ముగిసినప్పుడు, “ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళా?” అని నేనన్న మాట ఆ పిల్ల మోస్తూనే ఉంది. నాకైతే తలుపు దగ్గర నిలబడ్డాకే గుర్తొచ్చింది.

నేను లోపలికి వెళ్ళగానే అందరూ నా వైపు తిరిగి సర్దుకుని నిలబడ్డారు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, పనికి అడ్డేమైనా ఉందా అని వరసగా అడిగాను. ఆ చివరి ప్రశ్న ఉన్నదే సాయం అడగడానికని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదీ నేనే.

“అడ్డంకులేటీ లేవు సార్,” అంది లావణ్య.

అబద్ధమని తెలిసీ తల ఊపి పక్కవాడి వైపు తిరిగాను. ఛీ. “నేనూ కూర్చుంటాను” అని ఒక్క మాటంటే ఏం పోయేది?

ఇందాక అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అడిగింది: “ఏటయ్యిందండీ? మొగం అలాగుందేటి?”

“ఏటీ లేదు,” అన్నాను.

తను నమ్మినట్టే తల ఊపింది. అచ్చం పొద్దున నేను ఊపినట్టు.