జంపఖానా మీది పేరు

అయ్యా,

వరంగల్ జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారి సముఖానికి, కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఆడెపు మొండయ్య వ్రాసుకొను అర్జీ.

విషయం: పరువునష్టం కేసు పేరు చెప్పి ఠాణా వారు పట్టుకుపోయిన నా మగ్గం పంజాను తిరిగి ఇప్పించుట గురించి.

నేను చదివినది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకోగలరు, వాటి మీద ఇంకో కేసు పెట్టించవద్దు.

1. మా కుల సంఘం భవనానికి వార్డు కౌన్సిలర్ శ్రీ రాజేశ్వర్ రావు గారు పెద్ద జంపఖానా దానం చేయదలచి, నేత పని నాకు అప్పగించినారు. దాత పేరు ఒక కొసన చిన్న అక్షరాలతో నేయుట మా ఆచారం. కొసన ఎవరూ కూర్చోరు గనుక పేరుకు మర్యాద దక్కుతుంది. కౌన్సిలర్ గారు ఒప్పుకొనలేదు.

"నడుమ నెయ్యి తాతా. దూరం నుంచి కనపడాలె."

"నడుమనైతే జనం మీద కూసుంటరు గద సారూ."

"చెప్పింది నెయ్యి."

నేసినాను.

2. భవనం ప్రారంభం నాడు జనం వచ్చి సరిగ్గా పేరు మీదనే కూర్చున్నారు. అప్పుడు నేను, "జర జూసి కూసోండ్రి, కౌన్సిలర్ సారుకు ఊపిరి ఆడ్తలేదు" అన్న మాట వాస్తవం. అందరూ నవ్వినారు. చాయ్ హోటల్ వీరభద్రం దగ్గు వచ్చేదాకా నవ్వినాడు. కౌన్సిలర్ గారు వేసిన పరువునష్టం కేసులో ఇప్పుడు ఆ వీరభద్రమే మొదటి సాక్షి. అడిగితే, "నేను నవ్వలే తాతా, ఒట్టిగ దగ్గిన" అంటున్నాడు. మోరీ మీదికి జరిపి కట్టిన అతని హోటల్ అరుగును కూలగొడతామన్న మున్సిపాలిటీ వారు ఇంకా రాలేదు. ఎందుకు రాలేదో నాకు అనుమానం.

3. పరువు సంగతి కోర్టులో తేలవలసినదనీ, కోర్టు హుకుం లేనిదే పోలీసులు చేయి పెట్టరాదనీ మా వకీలు సారంగపాణి చెప్పినాడు. అయినా జవాన్లు వచ్చి, జంపఖానాను సాక్ష్యమని, నా పంజాను మారణాయుధమని పట్టుకుపోయినారు. రసీదు లేదు. పంజా అనగా మగ్గం మీద దారాన్ని దగ్గరికి కొట్టే ఇనుప పళ్ల పనిముట్టు. దానితో నేను ఎవరినీ కొట్టి ఎరుగను. నా భార్య పూలమ్మ ఒకసారి నన్ను కొట్టబోయింది, అది వేరే కేసు. మా నాయన చేతిలో అరిగిన పంజా అది. కొత్తది నా చేతికి పట్టదు. సగం నేసిన ఇంకో జంపఖానా మగ్గం మీద అట్లనే ఉన్నది, దాని ముందు నేను ఊరికే కూర్చుంటున్నాను.

4. పంజా కావాలంటే భవనంలో నిలబడి, "నేనేమీ అనలేదు, ఎవరూ నవ్వలేదు" అని చెప్పాలట. కౌన్సిలర్ గారి ఈ కబురు ఎస్ఐ గారి నోట ఎందుకు వచ్చినదో ఇక తమరే అనుమానించవలెను. నేను అనుమానించి అలసిపోయినాను.

"ఆ ముక్క చెప్పి తెచ్చుకోరాదు? పోయేది మాటే గద" అన్నది పూలమ్మ.

"మాట గూడ పోతే నోట్లె ఇంకేం మిగుల్తదే? పండ్లు ఎప్పుడో పాయె."

ఆమె నవ్వలేదు. ఇంట్లో బియ్యం అడుగంటినప్పుడు ఆమె నవ్వదు.

5. మాట్లాడే హక్కు రాజ్యాంగంలోనే ఉన్నదని మా వకీలు అంటాడు. కానీ కిటికీ మూసి, మెల్లగా అంటాడు. అందుచేత దాని మీద కూడా నాకు అనుమానమే.

కావున తమరు దయతలచి, పరువును కోర్టుకు వదిలి, పంజాను నాకు ఇప్పించవలెనని ప్రార్థన. కోర్టులో అడిగితే అన్న మాటే మళ్లీ అంటాను. జడ్జి గారు నవ్వినచో ఆ బాధ్యత నాది కాదు. చింపకుండా చిత్తగించవలెను.

చేతులు కట్టుకున్న, నోరు కట్టుకోని
తమ విధేయుడు
ఆడెపు మొండయ్య

తా.క.: పోస్టు చేసే ముందు దీని నకలు ఇవ్వడానికి ఠాణాకు పోయినాను. సాక్ష్యపు జంపఖానా వరండాలో పరిచి ఉన్నది. దాని మీద జవాన్లు టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. రైటర్ గారు "రాజేశ్వర్" మీద మఠం వేసుకుని నా కేసు కాగితాలే రాస్తున్నారు. "కూసో తాతా" అని నాకు "రావు" మీద చోటు చూపించినారు. మోకాళ్లు గుంజుతున్నా నిలబడే ఉన్నాను. కాశిబుగ్గ మొత్తంలో ఆయన మీద కూర్చోనిది నేనొక్కడినేనని కేసులో రాయించగలరు.