గోదాం రేకులు దించిన రోజు

బుధవారం రాత్రి, నాంపల్లి

రెండుసార్లు స్నానం చేసినా గొంతులో ఆ దుమ్ము తగులుతూనే ఉంది. అబిడ్స్‌లో మా బట్టల దుకాణం వెనక గోదాం మీది పాత ఆస్బెస్టాస్ రేకులు ఇవాళ దించారు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించి ప్లాస్టిక్‌లో చుట్టాలని మేస్త్రీ యాదగిరికి నిన్ననే చెప్పాను. తల ఊపాడు. నేను ప్లాస్టిక్ కోసం సుల్తాన్ బజార్ వెళ్లొచ్చేసరికి సుత్తెలతో పగలగొట్టిస్తున్నాడు. సందంతా తెల్లటి దుమ్ము. ఒక్కడి ముక్కుకూ గుడ్డ లేదు.

"ఏంది యాదగిరీ, నేను గిట్లనే చెప్పిన్నా?"

"తడుపుకుంట కూసుంటే రాహుకాలం వస్తది సేఠ్. మంచి గడియలనే కొత్త రేకు ఎక్కాలె. జర దుమ్ముకే గింత ఫికరెందుకు?"

ఛీ! రేకుకు ముహూర్తం చూశాడు గానీ, ఆ పనివాళ్ల ఊపిరితిత్తుల సంగతి చూడలేదు. సందు మొదట్లో ఇడ్లీ బండి ఆమె చట్నీ గిన్నెకు మూత కూడా లేదు. రేపు ఆమెకు ఏమని చెప్పను...

చివరికి కొత్త రేకుకు నిమ్మకాయలు కట్టి, పగిలిన ముక్కల కుప్ప పక్కనే రాయి మీద కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు ఆ ముక్కల మీదికి చిందాయి. పొద్దుటి నుంచి వాటి మీద పడ్డ నీళ్లు అవే.