వనిత టీచర్ వేషం

బావకు,

వనిత నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. ఆ కొండల మధ్య చలి మొదలై ఉంటుంది, పెట్టెలోంచి స్వెట్టర్ తీశావో లేదో. పిల్లల ముందు ముక్కు తుడుచుకుంటూ పాఠం చెప్పకు, నా పరువు పోతుంది.

నీ ఉత్తరం అందింది. సగం ఉత్తరం నా తిండి గురించే! తింటున్నాను మహానుభావా. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుంది, ఆ నీళ్ళే తాగుతున్నాను. మెట్రో అంటే ఇంకా భయమేనా అన్నావు. మధురానగర్ నుంచి బడికి నడిచే పోతాను, ఎక్కే పనే లేదు. గదిలో తోడెవరని అడిగావు. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు వచ్చిన ఆడపిల్లలు. చెవుల్లో వైర్లు పెట్టుకుని పాఠాలు వింటూ ఉంటారు. నన్ను ఆంటీ అంటారు. మన పెళ్ళై ఆరేళ్ళు కాలేదు, అప్పుడే ఆంటీనట! వాళ్ళ పేర్లు నోటికి అలవాటయ్యేలోపే కోర్సు అయిపోయి మంచం ఖాళీ చేస్తారు.

బదిలీకి దరఖాస్తు పెట్టమంటావా వద్దా అని కూడా అడిగావు. నేనిక్కడ బాగుంటే అక్కడి పిల్లల్ని వదలనన్నావు, నువ్వు వస్తే ఆ బడికి ఇంకో టీచర్ రాడన్నావు. దానికి జవాబు చివర రాస్తాను.

మా హైస్కూల్ సంగతి చెప్పాలి. అమీర్‌పేటలో ఇన్ని కోచింగ్ బోర్డుల మధ్య సర్కారు బడి బోర్డు కొత్తవాళ్ళకు కనిపించనే కనిపించదు. వచ్చేదంతా వాచ్‌మన్ల పిల్లలు, హాస్టళ్ళలో వంట చేసేవాళ్ళ పిల్లలు. తండ్రికి పని మారితే పిల్లాడూ మాయం. హాజరు తీసుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా పిలిచి నాలుక కరుచుకుంటుంటాను.

పోయిన శుక్రవారం స్వపరిపాలన దినం జరిపాం. నీకు తెలిసిందేగా, ఆ రోజు పదో తరగతి పిల్లలు టీచర్లవుతారు, మేము వెనక బెంచీల్లో కూర్చుంటాం. నా వేషం నూరీన్ కట్టింది. దాని తల్లి ఇమామ్ బీ ఓ హాస్టల్లో వంట చేస్తుంది. పనయ్యాక వచ్చి తీసుకుపోయేదాకా నూరీన్ బడి మెట్ల మీదే కూర్చుంటుంది. ముందు రోజు నా దగ్గరికే వచ్చి, “టీచర్, జర మీ పసుపు చీర ఇస్తరా? నేను అచ్చం మీలెక్కనే కనపడాలె” అంది. నువ్వు కొన్న చీరే. ఇచ్చాను.

అబ్బ, ఏం చేసిందనుకున్నావు! బల్ల మీద స్కేలుతో కొట్టడం, “కిటికీల సినిమా నడుస్తుందా?” అని గదమాయించడం, అంతా నేనే. హెడ్మాస్టర్ రామ్మోహనరావు సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. చివరి గంట మోగింది. పిల్లలందరూ లేచారు, నూరీన్ లేవలేదు. కుర్చీలోనే కూర్చుని డస్టర్‌ని ఫోన్‌లా చెవికి ఆనించుకుంది.

“బావా, నేను మంచిగున్న. జర సుత ఫికర్ చెయ్యకు. ఈడ మస్తుమంది ఉన్నరు.”

క్లాసంతా గొల్లుమంది. నూరీన్ డస్టర్ కింద పెట్టి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు, బావా.

సాయంత్రం మెట్ల దగ్గర దాన్ని పట్టుకున్నాను. “ఎందుకే అట్ల చేసినవ్?” అంటే బిక్కమొహం వేసింది.

“తప్పయిందా టీచర్? మీరు రోజూ గట్లనే కూసుంటరు కదా. నేను సుత ఈడనే కూసుంట. నా కోసం మా అమ్మి వస్తది. మీ కోసం ఎవరొస్తరు టీచర్?”

అంతలో ఇమామ్ బీ వచ్చింది. కూతురి బ్యాగు తన భుజానికి తగిలించుకుని, “పొద్దుగూకింది, ఇంగ మీరు సుత పోండి టీచరమ్మా” అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని రోడ్డు దాటారు. షేర్ ఆటో కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. హాస్టల్‌కు పోయి చేసేదేముంది?

నేను బాగా లేను, బావా. నువ్వు సిగ్నల్ కోసం సంతకు వచ్చి ఫోన్ చేసినప్పుడల్లా నేను చెప్పేది అబద్ధం. ఈ ఉత్తరం మొదట్లో క్షేమంగానే ఉన్నానని రాసింది కూడా అబద్ధమే. కొట్టేద్దామనుకుని అలాగే వదిలేశాను, ఎంత సులువుగా రాసేస్తానో నువ్వు చూడాలని. ఫోన్లో అయితే మళ్ళీ అదే మాట అనేస్తాను, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వస్తే ఆ బడి మూతపడొచ్చు. నేనూ టీచర్నే, తెలియక కాదు. ఆ పిల్లల ముఖాలు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది. అయినా అడుగుతున్నాను, దరఖాస్తు పెట్టు.

నూరీన్ చీర ఉతికి, మడతపెట్టి తెచ్చిచ్చింది. దాని ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. ఏమని చెప్పమంటావు?

ఇట్లు,
నీ మరదలు
వనిత