బూట్లు విప్పని కొలత

ములుగు,
4-6-1997

ప్రియమైన శ్రీవారికి,

‘ప్రియమైన’ అని అలవాటుకొద్దీ రాశాను. కొట్టెయ్యడానికి ఇంకు దండగని వదిలేశాను, అంతే.

చిలుకమ్మ దవాఖానలో ఉంది. కుడిచెయ్యి విరిగింది. ఎండిపోయిన మద్దిచెట్టును మీ అటవీశాఖ వాళ్ళు కొట్టేస్తే దాని కొస వచ్చి ఆమె ఇంటి మీద పడింది. “ఈడిదాంక రాదని సారే చెప్పిండు గద బిడ్డా, అందుకే పొయ్యికాడ కూసున్న” అంటోంది. నేనేం చెప్పను? ఆ సారు భార్యను నేనే, వాళ్ళ ఊరి పంతులమ్మనూ నేనే.

చెట్టు మొదట్లో మైసమ్మ రాయి ఉంది, అక్కడికి చెప్పులతో ఎవరూ పోరు. కొట్టేముందు ఎత్తు చూడటానికి, టేపుతో దూరం కొలిచే పాత యంత్రమైతే మీరు మొదలుదాకా వెళ్ళాలి, బూట్లు విప్పాలి. రేంజర్ గారికి అది నామోషీ. అందుకే తోలుసంచిలో వచ్చిన కొత్త దుర్బిణి ఎంచుకున్నారు. దూరం అద్దంలోనే కనబడుతుందని దాన్ని తెగ పొగిడారు. మీరెక్కడ నిలబడి చూశారో గార్డు యాదగిరి చూపించాడు. రోడ్డు కట్ట మీద. చెట్టేమో కింద పల్లంలో. మీ కంటికి పైనున్నదే లెక్కేశారు, కిందున్నది కలపలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే నాకు ఆ మాత్రం తెలియదా?

పోనీ, పొరపాటు. రిపోర్టులో రాసిందో? ఎత్తు సరిగ్గానే కొలిచారట, చిలుకమ్మే తర్వాత ఇల్లు ముందుకు జరుపుకుందట. ఆ మాట నిలిస్తే ఆమెకు ఇల్లు కట్టివ్వరు. మన పెళ్ళికి ముందునుంచీ ఆ ఇల్లు అక్కడే ఉందని మీకు తెలుసు. అది తెలిసీ ఎలా రాశారు? రిపోర్టు మార్చేదాకా నేను హనుమకొండ రాను.

అనసూయ


ములుగు,
11-6-1997

శ్రీవారికి,

జవాబు అందింది. రిపోర్టు మాట ఒక్క ముక్క లేదు. తప్పంతా దుర్బిణిదట. హైదరాబాదులో ఎవరో లేజరుతో ఎత్తు చెప్పే యంత్రం చూపించారట, అది తెప్పిస్తే మళ్ళీ ఇలా జరగదట. దాన్ని పట్టుకుని కూడా మీరు ఆ కట్ట మీదే నిలబడతారు.

ఈ పొద్దున మాను కోసుకుపోవడానికి లారీ పంపారు. ముక్కలైపోతే ఇక కొలిచేదేముంటుంది అనుకున్నారు కదూ. వెళ్ళి మాను మీద కూర్చున్నాను. చిలుకమ్మ కూడా దవాఖాన నుంచి వచ్చి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

“అమ్మా, జర లేవుండ్రి. సారు నా మీద గరమైతడు” అన్నాడు యాదగిరి.

“లేస్తం తియ్యి బిడ్డా, మీ సారును రమ్మను” అంది చిలుకమ్మ.

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

సోమవారం విచారణకు మీ పైఅధికారి వస్తున్నారు. పడ్డ చెట్టుకు దుర్బిణి వద్దు, లేజరూ వద్దు. మన బీరువాలో ఉన్న పాత టేపు చాలు. చిలుకమ్మ ఇంటి మీదున్న కొసను పట్టుకుని నేను నిలబడతాను. మొదలు దగ్గర పట్టుకోవలసింది మీరే. మైసమ్మ రాయి అక్కడే ఉంది.

బూట్లు విప్పి రండి.

అనసూయ